మా తాత పేరులో బండి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వండన్నా అని హాస్టల్ కమిటీ తమ్ముళ్లు అడిగినప్పుడు, మేము మొదట కవిత రాద్దామనుకున్నాము. పోయిన సంచికలు తిరగేస్తే అమ్మ మీద కవితలే పదకొండు ఉన్నాయి. అందుకని ఆ ప్రయత్నం మానుకుని, ఒక అక్షరం గురించి రాస్తున్నాము. అక్షరం గురించి రాసేదానికి ఏముంటుంది అని పేజీ తిప్పేయకండి తమ్ముళ్లూ. ఈ అక్షరం మా ఇంటిని మూడేళ్లు తిప్పింది.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. పెన్ను పట్టుకున్నవాడు పెద్దవాడు, వయసు 23, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాడు. పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు చిన్నవాడు, మదనపల్లెలో డిగ్రీ. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు పెద్దవాడే. ఇద్దరమూ గంగవరం హాస్టల్లో ఆరు నుంచి పది దాకా ఒకే హాల్లో, పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని పెరిగినవాళ్లమే.

ఇక అక్షరం సంగతి. పెద్దబాలశిక్షలో చివర, క్ష తరువాత ఒకటి ఉంటుంది చూడండి, ఱ. పుస్తకాల్లో శకట రేఫం అంటారు. శకటం అంటే బండి. మన హాస్టల్లో సాయంత్రం ట్యూషన్ చెప్పిన తెలుగు సారు బోర్డు మీద దానికి రెండు ఎద్దులు కూడా గీసి "ఇది బండి ఱ, పరీక్షలో రాదు, అయినా చూసి పెట్టుకోండి" అన్నారు. పరీక్షలో రాదు అనగానే మేము నోట్సు మూసేశాము. చిన్నవాడు మాత్రం ఎద్దుల బొమ్మ బాగుందని నోట్సు వెనక గీసుకున్నాడు. తరువాత మాకు పనికొచ్చింది ఆ ఎద్దులే.

మా తాత 2018లో చనిపోయినాడు. పెద్దవాడు అప్పుడు పదో తరగతి. మరణ ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపాల్సి వచ్చింది. నాయనకు సంతకం వరకే వచ్చు. ఊర్లో ఎప్పుడూ ఎవరినో బతిమాలి కాగితాలు రాయించుకునే మనిషి, ఆ రోజు ఎవరినీ పిలవలేదు. "మావోడు రాస్తాడులే" అన్నాడు. అరుగు మీద పదిమంది చూస్తుండగా మేము తాత పేరు పొందికగా గుండ్రంగా రాశాము. నాయన ఆ కాగితం తిరగేసి బోర్లేసి చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖం అట్ల వెలగడం అంతకు ముందు మేము చూడలేదు.

తాత పేరు ఇక్కడ చెప్పము. ఆ పేరున్న తాతలు, నాయనలు మన హాస్టల్ పిల్లల ఇళ్లలో తక్కువేమీ ఉండరు. పేరు మొదట్లో గుర్రం ఉంటుంది, అంతవరకు చాలు. మేము దాన్ని బడిలో నేర్చుకున్న మామూలు ర తోనే రాశాము. ఈ కాలంలో అందరూ అట్లే రాస్తారు.

తాతకు ఎకరా అరవై సెంట్ల డీకేటీ భూమి ఉంది. చాలా ఏళ్ల కిందట, ఊర్లకు ఇంకా కరణాలు ఉన్న రోజుల్లో ఇచ్చిన పట్టా. కరణాల పద్ధతి 1984లో పోయింది గదా, ఆ కాగితం అంతకంటే పాతది. నాలుగు మడతల దగ్గర చినిగిపోతే అవ్వ సంగటి జిగురు పెట్టి అతికించింది. దాని మీద తాత పేరు ఎవరో చదువుకున్న చేతివాటంతో, పాత పద్ధతిలో, రెండు బండ్లు కట్టి రాశారు. గుఱ్ఱ అని. కింద తాత వేలిముద్ర. తన పేరులో బండి ఉందని ఆయనకు చనిపోయేదాకా తెలియదు.

తరువాత భూముల లెక్కలు కంప్యూటర్లో ఎక్కించే కాలం వచ్చింది. అప్పుడెవరో ఒక డేటా ఎంట్రీ పిల్లవాడు పట్టాలో ఉన్నది ఉన్నట్టు, బండ్లతో సహా కొట్టాడు. అతనెవరో మాకు తెలియదు. పని ఎగ్గొట్టకుండా చేసినవాడు. చిక్కు వచ్చింది కూడా అక్కడే.

భూమిని నాయన పేరు మీదికి మార్చుకోవాలని 2019లో కాగితాలు పెడితే తిరిగొచ్చాయి. సర్వే నంబరు కొడితే పొలం వస్తోంది. పొలానికి ఎదురుగా ఉన్న మనిషి, చనిపోయిన మనిషి ఒకరు కాదంట. కౌంటర్లో ఉన్నాయన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అన్నాడు.

"ఏమప్పా, పట్టాలో ఉండేది ఒకరు, సచ్చిపోయిండేది ఇంకొకరు మాదిరి ఉంది గదా."

"ఇద్దరూ మా నాయనే సార్" అన్నాడు నాయన.

"నాకు తెలిస్తే సరిపోతాదా? పైన తేడా వచ్చిందంటే వాపస్ పంపిస్తారు."

నాయన మళ్లీ పోయినాడు, మళ్లీ వచ్చినాడు. టమోటా బాక్సులు ఎత్తే కూలి పనికి పోయేవాడు, ఆఫీసుకు పోయిన రోజు కూలి లేదు. పొరుగు చేనాయన గట్టు ఒక జానెడు జరిపినాడు. అడిగితే "భూమి నీ పేరు మీద ఉందా?" అన్నాడు. పేరు కుదరని భూమి సర్కారుకు పోతుందని ఊర్లో ఎవరో అన్నారు. నిజమా కాదా అని అడిగే ధైర్యం కూడా లేక నాయన రెండు రాత్రులు నులక మంచం మీద కూర్చునే తెల్లవార్చాడు.

తేడా ఎక్కడుందో కనిపెట్టింది చిన్నవాడు. పలమనేరు నుంచి ఊరికి వచ్చే బస్సులో రెండు జిరాక్సులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ చూస్తూ "అన్నా, ఇందులో ఎద్దులు ఉండాయి, అందులో లేవు" అన్నాడు. మాకు ముందు అర్థం కాలేదు. అర్థమైనాక కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఎద్దులు లేని కాగితం మా చేత్తో రాసినది.

మనిషికి ఆ రెండు పేర్లూ ఒకటే. గుర్రం అన్నా గుఱ్ఱం అన్నా నోట్లో ఒకేలాగ పలుకుతాము. ఆ కౌంటర్ ఆయనకు కూడా అది తెలుసు, పాపం. యంత్రం మాట వేరు. డిగ్రీలో ఉండగా కంప్యూటర్ ల్యాబులో ఈ సంగతి మేము పనిగట్టుకుని చూశాము. రెండు రకాలుగా టైపు చేసి, మామూలు ర తో వెతికితే బండి ఱ ఉన్న పేరు దొరకలేదు. కంప్యూటరుకు అక్షరం అంటే బొమ్మ కాదు, ఒక నంబరు. ప్రపంచంలోని లిపులన్నిటికీ నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ర నంబరు 3120. ఱ నంబరు 3121. ఒక్కటంటే ఒక్కటి తేడా. ఆ ఒక్కటితోనే మా తాత ఇద్దరు మనుషులైపోయినాడు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991 అక్టోబరులో వచ్చింది. భారతీయ లిపుల వరకు అది మన దేశంలో అంతకు ముందే తయారైన ఇస్కీ అనే పద్ధతిని, అంటే 1988 నాటి దాన్ని, ఆధారం చేసుకుంది. ఇస్కీలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. అన్ని లిపులకూ ఒకే వరస. యూనికోడ్ ఒక్కో లిపికి 128 గదులు ఇచ్చి ఆ వరసనే ఉంచింది. సున్నా నుంచి లెక్కపెడితే క ఏ లిపిలోనైనా 21వ గదిలోనే ఉంటుంది. బండి ఱ ది 49వ గది. తెలుగులోనే కాదు, తమిళంలో, కన్నడంలో, మలయాళంలో, మరాఠీవాళ్లు వాడే దేవనాగరిలో కూడా దాని గది 49. హాస్టల్ మారినా బెడ్ నంబరు మారనట్టు.

మన పక్క కుప్పం, వి.కోట తిరిగినవాళ్లకు తమిళం బోర్డులు కొత్త కాదు. తమిళంలో ఈ అక్షరం ఇంకా బతికే ఉంది, రోజూ రాస్తారు. విశ్వవిద్యాలయంలో తమిళం మాట్లాడే స్నేహితుడొకరు మాకు రెండు మాటలు రాసి చూపించాడు. చెట్టు వేరు, 'వేర్' అని మామూలు ర తో. వేరే అన్న అర్థంలో 'వేఱు' అని బండి ఱ తో. పాత తెలుగులోనూ అంతే. చెట్టుకుండేది వేరు, విడిపోయేది వేఱు. దున్నే ఏరు వేరు, పారే ఏఱు వేఱు. రానురాను నోట్లో రెండు శబ్దాలూ కలిసిపోయినాయి. రాతలో కూడా బండిని వదిలేశాము. మేమేమీ దాన్ని మళ్లీ తెచ్చిపెట్టమని కొట్లాడే పండితులం కాదు. పలకని అక్షరం పిల్లల నెత్తిన పెట్టడం మాకు ఇష్టం లేదు. కానీ వదిలేసినవాళ్లు పాత పట్టాల సంగతి ఆలోచించి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

ఆ 49వ గది దగ్గర చదువుతుండగానే 52వ గది కథ తెలిసింది. అది మాకు బండి కంటే నచ్చింది.

తమిళం అనే పేరులోనే చివర ఒక అక్షరం ఉంది. తెలుగులో రాయాలంటే తమిఴ్ అని రాయాలి. పఴం అన్నా అదే అక్షరం. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ శబ్దం ఒకప్పుడు తెలుగులోనూ ఉండేది. రేనాటి చోళుల శాసనాల్లో చోఴ అని దానితోనే చెక్కారు. రేనాడు ఎక్కడో కాదు, మనకు పైనున్న కడప సీమ. ఆ జిల్లాలోని కలమల్ల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. తరువాత చోఴ కాస్తా చోడ అయింది. తమిళ ఏఴు మనకు ఏడు. అక్షరం రాయి మీదే ఉండిపోయింది.

1991లో తెలుగు గదులు పంచినప్పుడు 52వ గదిలో తమిళానికి, మలయాళానికి ఆ అక్షరాన్ని పెట్టారు. తెలుగు వరసలో ఆ గది ఖాళీగా వదిలారు. పక్కన 51లో ళ ఉంది, 53లో వ ఉంది, మధ్యలో ఎవరూ లేరు. మన హాల్లో ఎవడైనా ఊరికి పోయి రాకపోతే వాడి ట్రంకు పెట్టె చోటు అట్లే ఉంచుతాం చూడండి, అట్ల. 2012 ప్రాంతంలో సురేశ్ కొలిచాల, శ్రీరమణ శర్మ వంటివాళ్లు కలిసి శాసనాల ఆధారాలు చూపించి ఆ అక్షరానికి నంబరు కావాలని ప్రతిపాదన పంపారు. ఇదేదో ఒక ఉత్తరం ముక్క రాస్తే అయ్యేది కాదు. ఆ అక్షరం ఎక్కడ కనిపిస్తుంది, దాని ఒత్తు ఎట్లా ఉంటుంది, ఉన్న అక్షరంతోనే సరిపెట్టుకోలేమా, ఇవన్నీ రాతల నమూనాలతో రుజువు చేయాలి. యూనికోడ్ సాంకేతిక సంఘం ఒప్పుకోవాలి, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఒప్పుకోవాలి. 2014లో ఏడో కూర్పులో ఴ తన గదికి వచ్చి చేరింది. 23 ఏళ్లు ఖాళీగా ఉంది ఆ గది. పెద్దవాడి వయసంత.

మరుసటి ఏడాది 2015లో ౚ వచ్చింది. ఇది ఇంకా పాతది, ఇప్పుడు వాడు, మూడు వంటి మాటల్లో డ రాస్తున్న చోట శాసనాల్లో కనిపించే అక్షరం. ౘ, ౙ మాత్రం 2008లోనే చేరాయి. ౘాలు అన్నప్పుడు మన అవ్వలు పలికేది ఆ మొదటిదే. బ్రౌన్ దొర నిఘంటువులో ఈ తేడా చూపించాడు. 2021లో పాత అచ్చు పుస్తకాల్లోని నకారపొల్లు ౝ కూడా వచ్చేసింది. ఎవరూ రాయని అక్షరాలకు ఇంత శ్రమ ఎందుకని చిన్నవాడు అడిగాడు. మా తాత పట్టా చూపించాము. మళ్లీ అడగలేదు.

ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేము. కన్నడ ఴ కు 1991లోనే నంబరు ఇచ్చారు. కానీ 52లో కాదు, ఎక్కడో 94లో. పేరు కూడా తప్పు పెట్టారు. ఴ అని ఉండాల్సిన చోట ఇంగ్లీషులో 'ఫ' అని నమోదైంది. యూనికోడ్ నియమం ఏమిటంటే ఒకసారి ఇచ్చిన పేరు ఇక మార్చరు, తప్పైనా సరే. దాన్ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు చెడిపోకూడదు గదా. అందుకని పక్కన సరైన పేరును మారుపేరుగా, అంటే అలియాస్‌గా, నమోదు చేసి పెట్టారు. ఇది చదివి మేము చాలాసేపు నవ్వుకున్నాము. ఎందుకంటే అప్పటికి మా తాతకు కూడా అలియాస్ వచ్చేసింది.

ఎట్లంటే, ఆఫీసులో ఒక చిన్న ఉద్యోగి మా మీద జాలిపడి దారి చెప్పాడు. "పేరు మార్చాల్సిన పన్లేదు బాబూ, ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్ పెట్టండి" అన్నాడు. స్టాంపు పేపరు కొన్నాము. తాతను ఎరిగిన ఇద్దరు పెద్దమనుషులను సాక్షులుగా పిలుచుకున్నాము. నోటరీ దగ్గర టైపు చేసే ఆయన కంప్యూటర్లో బండి ఱ ఎక్కడుందో తెలియక తల గోక్కున్నాడు.

"ఆ అక్షరం ఈ కీబోర్డులో లేదు తమ్ముడూ, మామూలు ర కొట్టేస్తా" అన్నాడు.

మామూలు ర కొడితే ఇక అఫిడవిట్ ఎందుకు? ఈ పేరూ ఈ పేరూ ఒకటే అని ఒకే పేరు రెండుసార్లు రాసినట్టు అవుతుంది. ఆయన వాడేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. అందులో ఇంగ్లీషు జె మీట మీద ర ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే ఱ. ఇన్నేళ్లూ ర కిందనే, ఒక్క షిఫ్ట్ దూరంలో ఉండింది. మేము వంగి నొక్కి చూపించాము. తెర మీద రెండు బండ్లు వచ్చి నిలబడ్డాయి. "ఓర్నీ, ఇక్కడుందా ఇది!" అన్నాడాయన. తన సంపాదనలో ఆ అక్షరం కొట్టడం అదే మొదటిసారంట.

నాయన వెనక నిలబడి చూస్తున్నాడు. "ఏంది నాయనా అది?" అన్నాడు. "తాత పేరు" అన్నాము. వేలు పెట్టి తెరను తాకబోయి, ఏమంటారో అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

2022లో పాసుబుక్కు నాయన పేరు మీద వచ్చింది. పొరుగు చేనాయన గట్టు మాత్రం వెనక్కి జరగలేదు. అది యూనికోడ్ పని కాదు.

నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ నంబరుకు బొమ్మ గీసే ఫాంటు, బొమ్మలను సరిగ్గా అతికించే ప్రోగ్రాము ఉండాలి. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన అక్షరం ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? జ కింద ఞ ఒత్తు, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు, పైన దీర్ఘం కలిసి వస్తే ఆ బొమ్మ ఎట్లా గీయాలో తెలియక మెసేజ్ తెరిచే యాప్ మూతపడేది. కొన్ని రోజుల్లోనే సరిచేశారనుకోండి. జ్ఞానంలో మొదటి అక్షరమే అంత ఖరీదైన ఫోన్లను ఆపేసిందని మన హాస్టల్లో అప్పుడు అందరమూ చెప్పుకుని నవ్వుకున్నాము. మనలో ఎవరికీ ఐఫోన్ లేదు గనక నవ్వు ఇంకా బాగా వచ్చింది.

మన సంచిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై ఏళ్ల నాటి మన హాస్టల్ సంచిక సీడీ ఒకటి సీనియర్ అన్న ఒకరి దగ్గర దొరికింది. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలర్ గుర్తులు. ఆ కాలం డీటీపీ ఫాంట్లు తెలుగు బొమ్మలను ఇంగ్లీషు నంబర్ల మీద కూర్చోబెట్టేవి. ఆ ఫాంటు లేకపోతే మిగిలేది ఆ గందరగోళమే. అందులో మన అన్నలు అమ్మల మీద రాసిన కవితలు ఉన్నాయి. ఒక అన్న కవిత ఆయన దగ్గర కూడా లేదంట. కాగితం కాపీ ఎవరి ఇంట్లోనైనా ట్రంకు పెట్టె అడుగున ఉంటే దయచేసి హాస్టల్ కమిటీకి ఇవ్వండి, యూనికోడ్‌లో మేమిద్దరం టైపు చేసి పెడతాము. ఈసారి సంచికను యూనికోడ్‌లోనే చేయించమని కమిటీతో కొట్లాడి ఒప్పించాము.

ఒప్పించాము గానీ ప్రూఫు వచ్చేసరికి ఴ ఉన్న చోటల్లా ఖాళీ డబ్బాలు పడ్డాయి. ఆ ఫాంటు 2014 కంటే ముందుదంట. వేరే ఫాంటు వేస్తానని డీటీపీ అన్న మాట ఇచ్చాడు. మీ చేతికి వచ్చిన కాపీలో ఇంకా డబ్బాలు ఉంటే, మా దగ్గరికి తీసుకురండి, పెన్నుతో దిద్ది ఇస్తాము. గుఱ్ఱం మాత్రం ప్రూఫులో రెండు బండ్లతో సరిగానే వచ్చింది, ముందు అదే చూసుకున్నాము.

ఇంకొకటి మిగిలింది. మరణ ధ్రువపత్రం దరఖాస్తులో ఆ ర రాసింది మేమేనని, మూడేళ్లు తిరిగింది మా గుండ్రటి అక్షరాల వల్లేనని నాయనకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు అరుగు మీద ఆయన ముఖం గుర్తొచ్చి ప్రతిసారీ నోరు రాలేదు. ఇప్పుడు ఇది అచ్చయితే సంచిక ఇంటికి తీసుకుపోవాలి. తీసుకుపోతే "ఏం రాసినారో చదవండి" అని నాయన అడుగుతాడు. చదివేది చిన్నవాడని ఒప్పందం. ఆ భాగం వచ్చినప్పుడు పెద్దవాడు బావి దగ్గరికి నీళ్లకు పోతాడు.